అజెండా

లాటిన్‌లో ‘అగెరె’ అంటే చేయడం, నడపడం. దాన్నుంచి పుట్టిన ‘అజెండా’కు చేయవలసిన పనులు అని అర్థం. పుట్టుకతోనే బహువచనం, అయినా మనం నిక్షేపంగా ‘అజెండాలు’ అంటాం. రాజకీయాల్లోనైతే దానికి ‘రహస్య’ కూడా తగిలిస్తాం.

ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ 2003లో మొదలుపెట్టిన ఆర్గ్ మోడ్‌లో, అంటే ఈమాక్స్ ఎడిటర్‌లో పనులు రాసుకునే ఏర్పాటులో, మాత్రం ఈ మాటకు పాత అర్థమే. అక్కడి అజెండా జాబితాలో పని పక్కన ఏం కనబడాలో ‘ఆర్గ్-అజెండా-ప్రిఫిక్స్-ఫార్మాట్’ అనే సెట్టింగ్ చూసుకుంటుంది. పర్సెంట్ గుర్తుతో ‘సి’ రాస్తే విభాగం, ‘టి’ రాస్తే సమయం, ‘ఎస్’ రాస్తే గడువు సంగతి. విభాగానికి మామూలుగా 12 అక్షరాల చోటు. వేరే చెప్పకపోతే ఫైలు పేరే విభాగం. పనులన్నీ ఒకే ఫైల్లో రాసేవాళ్లకు వరసవరసకీ అదే పేరు, శుద్ధ దండగ. ‘సి’ని తీసిపారేస్తే సరి.