ఆదాముకు బొడ్డు ఉండేదా?

ప్రశ్న చిలిపిగా కనిపిస్తుంది. కాని పూర్వం పండితులు దీన్ని గంభీరంగానే చర్చించారు. తల్లి కడుపున పుట్టని తొలి మనిషికి బొడ్డుతో పనేమిటి? 1646లో ఇంగ్లీషు వైద్యుడూ, గొప్ప వచన రచయితా అయిన సర్ థామస్ బ్రౌన్, ఆదాముకు బొడ్డు గీసిన చిత్రకారులను తప్పుపట్టాడు. దేవుడు అనవసరమైనదేదీ చేయడని ఆయన అభిప్రాయం. రెండు వందల ఏళ్ల తర్వాత ఇదే ప్రశ్న ఒక మనిషి కడుపును దాటి భూగోళమంతటికీ పాకింది. ప్రపంచాన్ని దేవుడే సృష్టించి ఉంటే, మొదటి రోజున అది కొత్తగా కనిపిస్తుందా, పాతగా కనిపిస్తుందా?

ఇలా పాకడానికి కారణం రాళ్లు. 1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిలు వంశావళులు లెక్కగట్టి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని తేల్చాడు. అయితే పారిశ్రామిక విప్లవానికి బొగ్గు కావాలి, బొగ్గు మోయడానికి కాలవలు కావాలి. తవ్వుతూ పోతే పొర కింద పొర, పొరకో రకం శిలాజం బయటపడ్డాయి. 1815లో ఇంగ్లండు భూగర్భ పటం ప్రచురించిన విలియం స్మిత్ కమ్మరి కొడుకు, కాలవల సర్వేయరు. 1830-33 మధ్య చార్లెస్ లయెల్ తన గ్రంథంలో, వానా నదీ అగ్నిపర్వతమూ నేడు చేస్తున్న పనినే అపారమైన కాలంపాటు చేసి ఈ నేలను తయారుచేశాయని వివరించాడు. ఆరువేల ఏళ్ల లెక్కలో ఇది ఇమిడేది కాదు.

ఈ ఇరకాటంలో పడ్డవాడు ఫిలిప్ హెన్రీ గాస్. సముద్ర జీవులను కళ్లారా చూసి రాసిన నిఖార్సయిన ప్రకృతి శాస్త్రవేత్త. అద్దాల తొట్టెలో సముద్రపు నీళ్లు పోసి జీవులను పెంచే అలవాటును ఇంగ్లండులో ఇంటింటికీ చేర్చినవాడు. బైబిలులో ప్రతి అక్షరమూ సత్యమని నమ్మే భక్తుడు కూడా. 1857 ఫిబ్రవరిలో భార్య క్యాన్సరుతో పోయింది. ఆ ఏడే ఆయన ‘ఓంఫలస్’ ప్రచురించాడు. గ్రీకులో ఆ మాటకు బొడ్డు అని అర్థం.

చెట్టు ముందా, విత్తు ముందా అని మన పల్లెల్లో పిల్లలు వేసుకునే ప్రశ్నే ఆ పుస్తకానికి పునాది. జీవమంతా ఒక చక్రం. ఆ చక్రంలోకి సృష్టి ఎక్కడ ప్రవేశించినా, దాని వెనుక జరగని గతం ఒకటి కనబడి తీరుతుంది. అప్పుడే సృష్టించిన చెట్టును నరికితే లోపల వలయాలుంటాయి. అప్పుడే సృష్టించిన నీటిగుర్రం పళ్లు అరిగే ఉంటాయి, లేకుంటే దాని నోరు మూతపడదు. శిలగా మారిన పేడను సైతం గాస్ వదలలేదు. తొలి జంతువు పేగుల్లో జీర్ణమైన ఆహారం ఉండాలి కదా, మరి భూమి పొరల్లో పేడ ఉంటే వింతేమిటన్నాడు. అలాగని భూగర్భ శాస్త్రజ్ఞులను పని మానుకోమనలేదు. వారు చదివే గతం సృష్టికర్త మనసులో నిజమేనన్నాడు. ఎక్కడా తడబడని తర్కం ఇది. చదువుతూంటే జాలి కూడా కలుగుతుంది.

ఈ ఊహ గాస్‌దే కాదు. 1802లో ఫ్రెంచి రచయిత షాతోబ్రియాన్, దేవుడు తొలినాడే ముదురు అడవులనూ పాత పక్షిగూళ్లనూ సృష్టించి ఉంటాడని రాశాడు. వృద్ధాప్యం లేని ప్రకృతికి గాంభీర్యం ఉండదని ఆయన బాధ. విప్లవానంతరం ప్రవాసం నుంచి తిరిగివచ్చిన రాజపక్షపాతికి పాతదనంమీద అంత మమకారం ఉండటం సహజమే.

గాస్ వాదాన్ని ఖండించలేం. ప్రపంచం అయిదు నిమిషాల క్రితమే, మన జ్ఞాపకాలతో సహా పుట్టిందన్నా ఖండించలేమని 1921లో బెర్ట్రండ్ రస్సెల్ చూపించాడు. ఏ సాక్ష్యమూ తాకలేని చోట వాదం నిలబడి ఉంది. కాని అలా నిలబడటానికి చెల్లించిన మూల్యం ఏమిటి? తరగతిలో శాసన పాఠం చెప్పేటప్పుడు అరిగిన అక్షరాన్ని పూరించి చదువుతాం. ఎవరో ఉలి పట్టుకుని చెక్కారనీ, తర్వాత అది ఎండకూ వానకూ అరిగిందనీ మన నమ్మకం. గుడిమెట్టు నడుమ గుంట పడిందంటే వేల పాదాలు దానిమీద నడిచాయి. గాస్ ప్రపంచంలో గుంట ఉంటుంది, పాదాలు ఉండవు. అరిగిన పన్ను ఉంటుంది, నమిలిన నోరు ఉండదు.

ఆశ్చర్యమేమంటే దీన్ని గట్టిగా తిరస్కరించినవాడు నాస్తికుడు కాడు. గాస్ మిత్రుడూ, మతాచార్యుడూ, దర్జీ కవి కథగా ‘ఆల్టన్ లాక్’ నవల రాసినవాడూ అయిన చార్లెస్ కింగ్స్‌లీ. దేవుడు రాళ్లమీద అంత పెద్ద అబద్ధం రాశాడని తాను నమ్మలేనని గాస్‌కు ఉత్తరం రాశాడు. మరో రెండేళ్లకు, 1859లో, డార్విన్ గ్రంథం వెలువడింది.

మన పురాణాల్లో కల్పానికి 432 కోట్ల ఏళ్లు గనుక మనకీ చిక్కు లేదని కొందరు మురిసిపోతారు. 1956లో క్లేర్ ప్యాటర్సన్ భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు, కాబట్టి దగ్గరగానే చెప్పామంటారు. ప్యాటర్సన్ ఉల్కాశకలాల్లో సీసాన్ని కొలిచాడు. కల్పం లెక్క ఏ రాయినీ కొలిచి కట్టింది కాదు. అంకెలు పక్కపక్కన పడినంత మాత్రాన అవి చుట్టాలైపోవు.

గాస్ వాదం ఈనాటికీ చావలేదు. రాళ్లనుంచి నక్షత్రాలకు మారింది, అంతే. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశంలో ఒక నక్షత్రం పేలుతూ కనిపించింది. దూరం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాలు. వెలుగు కనబడటానికి కొన్ని గంటల ముందే దాని న్యూట్రినోలను జపానులో భూగర్భంలోని కామియోకాండే పరికరం పట్టుకుంది. విశ్వం వయసు ఆరువేల ఏళ్లే అయితే ఆ వెలుగునూ న్యూట్రినోలనూ దారి మధ్యలోనే, సరైన వరసలో పుట్టించి ఉండాలి. పేలుడు లేదు, అసలు పేలడానికి ఆ నక్షత్రమే ఉండి ఉండదు. కింగ్స్‌లీ ఉంటే మళ్లీ ఉత్తరం రాసేవాడు.

‘ఓంఫలస్’ను భక్తులూ మెచ్చలేదు, శాస్త్రజ్ఞులూ మెచ్చలేదు. ఆ నిరాశ ఇంట్లో ఎలా అలుముకుందో కొడుకు ఎడ్మండ్ 1907లో ‘తండ్రీ కొడుకూ’ అనే స్వీయకథలో రాశాడు. విమర్శ విద్యార్థులు అసలు పుస్తకం కన్నా ముందు దాన్ని చదవడం మంచిది. తండ్రి మళ్లీ డెవన్ తీరంలోని నీటిగుంటల దగ్గరికి వెళ్లిపోయాడు. 1860 నాటికి బ్రిటిషు సముద్రపు అనిమోన్లమీద, తానే వేసిన రంగుల బొమ్మలతో, గ్రంథం పూర్తిచేశాడు.