సైకిల్ మీద ఫ్రెంచి హైదరాబాద్: లింగంపల్లి నుంచి మూసారాంబాగ్ దాకా

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంబడి దాదాపు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. పాత కోటలు, రాజమహళ్లు, ద్రాక్షతోటలు చూసుకుంటూ రోజుకు నలభై యాభై కిలోమీటర్లు తొక్కుతూ పోతారు. మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు సెలవు పెట్టి మరీ వెళ్లొచ్చారు. ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. వీసా, విమానం టికెట్టు, యూరోల లెక్క చూసుకున్నాక నాకు తట్టిందేమంటే, ఫ్రెంచి వాళ్ల ఆనవాళ్లు చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. లింగంపల్లిలో పొద్దున 5 గంటలకు బయలుదేరితే చాలు, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు. రానూ పోనూ 60 కిలోమీటర్లు దాటుతుంది. మన బడికి అట్లాస్, హీరో సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చిన వాళ్లకు అదో లెక్కా!

మన వైపు సైకిల్ అనగానే ఇప్పుడు అందరూ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సోలార్ కప్పు ట్రాక్ గురించే చెబుతారు. 2023 అక్టోబర్ 1న తెరిచారు. పొడవు 23 కిలోమీటర్లు, కప్పు మీద పలకలతో 16 మెగావాట్ల కరెంటు. ఇంజనీరుగా నాకు నచ్చిన పనే. అయితే అది వ్యాయామానికే పనికొస్తుంది, చరిత్ర వైపు మాత్రం తీసుకెళ్లదు. దాని ఒక కొస కొల్లూరు. వజ్రాల కొల్లూరు ఇదేనా అని ఒకరిద్దరు పాత విద్యార్థులు నన్ను అడిగారు. కాదు. అది పల్నాడులో కృష్ణ ఒడ్డున ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. దాని సంగతి కొంచెం ముందుకు పోయాక చెబుతాను.

గచ్చిబౌలి, రాయదుర్గం అద్దాల మేడలు దాటి షేక్‌పేట వైపు దిగితే మొదట ఆగాల్సిన చోటు కుతుబ్‌షాహీల నాటి సరాయి. రెండంతస్తుల కట్టడం. బాటసారులకు గదులు, గుర్రాలకు ఒంటెలకు కొట్టాలు, పక్కనే మసీదు. గోల్కొండ కోట తలుపులు మూసేవేళకు చేరలేని వర్తకులు ఇలాంటి చోట్ల రాత్రి గడిపేవారు. హైటెక్ సిటీకి వచ్చే కంపెనీల వాళ్లకు నేడు హోటళ్లున్నట్టే అప్పుడు సరాయిలు.

గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు జాన్ బాప్తీస్త్ తావెర్నియె. 1605లో పుట్టాడు. తూర్పు దేశాలకు ఆరుసార్లు వచ్చివెళ్లాడు. వృత్తి నగల వ్యాపారం. సూరత్‌లో దిగి నాందేడ్, ఇందల్వాయి మీదుగా గోల్కొండకు వచ్చే దారిని మజిలీ మజిలీగా రాసిపెట్టాడు. తన ప్రయాణాల పుస్తకాన్ని 1676లో అచ్చు వేయించాడు. వజ్రాల గనుల గురించి అంత వివరంగా రాసిన తొలి యూరోపియన్లలో అతనొకడు. కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి దాదాపు 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. మరో గనిలో పనివాడికి ఏడాదికి 3 పగోడాలే ముట్టేవని కూడా రాశాడు. వజ్రాల కథ చెప్పేవాళ్లు రాజుల పేర్లే చెబుతారు గానీ, నాకు తావెర్నియె పుస్తకంలో అన్నిటికన్నా విలువైనది ఈ కూలి లెక్కే అనిపిస్తుంది.

అతను ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఒక నీలం వజ్రాన్ని 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కొన్నాడు. అది కొల్లూరు రాయే అంటారు. దాన్ని సానబట్టించి రాజాభరణాల్లో చేర్చారు. 1792లో విప్లవం రోజుల్లో దొంగలు ఎత్తుకుపోయారు. దానినే మళ్లీ కోసి చేసిన హోప్ వజ్రం 45.52 కేరట్లతో ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇక్కడి మట్టిలో పుట్టిన రాయిని చూడాలంటే అమెరికా వీసా కావాలి. అక్కడున్న మన పూర్వ విద్యార్థులు కొందరైనా చూసే ఉంటారు.

తావెర్నియెతో పాటు జాన్ ద తెవెనో అనే మరో యాత్రికుడు, ఫ్రాన్స్వా బెర్నియె అనే వైద్యుడు 1666, 67 సంవత్సరాల్లో గోల్కొండ చూశారు. తెవెనో తిరుగుదారిలో పర్షియాలో చనిపోయాడు. 1669లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది. తర్వాత కథంతా ఆ రేవు నుంచే నడిచింది.

గోల్కొండ కోట, ఏడు గుంబజుల గురించి ఇక్కడ రాయను. అవి మీకందరికీ తెలుసు, విహారయాత్ర పేరుతో మన బడి పిల్లలను ఎన్నిసార్లు తీసుకెళ్లారో! కార్వాన్ మీదుగా పురానాపూల్ చేరదాం. తావెర్నియె ఈ వంతెనను చూసి, పారిస్‌లోని పాన్ నఫ్‌కు అందంలో పెద్దగా తీసిపోదని రాశాడు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో మన వంతెన పూర్తయింది. పారిస్ వంతెనకు శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే, అది పూర్తయ్యేసరికి 1607 అయింది. అంటే వాళ్లు పునాది తవ్వే వేళకు మనవాళ్లు 22 కమానుల వంతెన మీద నడుస్తున్నారు. 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదను కూడా తట్టుకుని నిలిచింది. ఇప్పుడు దాని మీద కూరగాయల బజారు. సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి. వంకాయలు, టమాటాల గంపల మధ్య నుంచి వంగి చూస్తే కమానుల రాతి కట్టు ఎంత శ్రద్ధగా పేర్చారో కనిపిస్తుంది. దాదాపు నాలుగున్నర శతాబ్దాల నాటి కట్టడం. మన ఫ్లైఓవర్లకు ఎన్నేళ్ల ఆయుష్షు లెక్కవేసి డిజైన్ చేస్తామో తోటి ఇంజనీర్లకు చెప్పక్కర్లేదు.

పాతబస్తీలోకి వస్తే బుస్సీ గుర్తుకు రావాలి. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి మనతో చదువుకున్న మిత్రులకు బుస్సీ అంటే బొబ్బిలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద విజయనగరం పక్షాన పడ్డ ఫ్రెంచి సేనాని అతనే. పాత తెలుగులో ఫ్రెంచి వాళ్లను పరాసులనేవారు. కానీ బొబ్బిలికి కొద్ది నెలల ముందే బుస్సీ హైదరాబాద్‌లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడన్నది చాలామందికి తెలియదు.

సంగతేమిటంటే, 1751లో ముజఫర్ జంగ్‌ను వెంటబెట్టుకుని పుదుచ్చేరి నుంచి దక్కన్‌కు బయలుదేరాడు బుస్సీ. దారిలో రాయచోటి దగ్గర ముజఫర్ జంగ్ హతుడయ్యాడు. వెంటనే సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. దానికి ప్రతిఫలంగా 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి వాళ్లకు దక్కాయి. ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం అన్నమాట. సైనికుల జీతాలకు ఆ జిల్లాల శిస్తు. అంటే హైదరాబాద్ దర్బారులో ఎవరు నవాబో తేల్చిన దండుకు కూలి కట్టింది గోదావరి రైతు. 1756లో మంత్రి షానవాజ్ ఖాన్ మాట విని సలాబత్ జంగ్ బుస్సీని కొలువులోంచి తీసేశాడు. బుస్సీ తిన్నగా హైదరాబాద్ వచ్చి చార్ మహల్ అనే తోట మహలులో మోర్చా కట్టుకున్నాడు. నవాబు సైన్యం చుట్టుముట్టింది. మచిలీపట్నం నుంచి లా అనే అధికారి కొత్త దళంతో వచ్చేదాకా నిలబడ్డాడు. ఆగస్టులో రాజీ కుదిరింది, మళ్లీ కొలువు దొరికింది. అక్కడి నుంచే ఉత్తర సర్కారులకు కదిలి బొబ్బిలి చేరాడు. 1758లో పైవాళ్లు వెనక్కి పిలిపించడంతో దక్కన్ వదిలాడు. మరుసటి ఏప్రిల్‌లో ఇంగ్లీషు వాళ్లు మచిలీపట్నం కోట పట్టుకున్నారు.

మన సోషల్ పుస్తకంలో కర్ణాటక యుద్ధాలు ఒకటి, రెండు, మూడు అని అంకెలతో ఉండేవి. పరీక్ష అయ్యాక మరిచిపోయేవాళ్లం. అందులో సగం మన ఇళ్ల చుట్టుపక్కల జరిగిందని తెలిసుంటే అప్పుడే వేరేలా చదివేవాళ్లమేమో.

ఇక అబిడ్స్ వైపు తిరిగితే గన్‌ఫౌండ్రీ. బ్యాంకు, బస్టాపు పేరుగా అందరికీ తెలిసిన ఈ మాట వెనక నిజంగానే ఒక ఫిరంగుల కార్ఖానా ఉంది. ఉర్దూలో తోప్ కా సాంచా. సాంచా అంటే అచ్చు. 1786లో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన మిషెల్ జోయాకిం మరీ రేమోఁ పెట్టించాడు. గాస్కనీ ప్రాంతంలోని సెరిన్యాక్‌లో 1755లో పుట్టి, 20 ఏళ్లకు పుదుచ్చేరి చేరినవాడు. మైసూరులో హైదర్ అలీ దగ్గర పనిచేశాడు. ముసలితనంలో మళ్లీ ఇండియా వచ్చిన బుస్సీ దగ్గర కూడా కొన్నాళ్లున్నాడు. మన ‘ఫిరంగి’ అన్న మాటే ఫరంగీ నుంచి, అంటే ఫ్రాంకుల పేరు నుంచి వచ్చింది. మనిషి పేరు ఆయుధానికి అంటుకుపోయింది.

ఫిరంగి పోత చిన్న పని కాదు. రాగి, తగరం పాళ్లు కుదరాలి. అచ్చులో తడి మిగిలితే పోసేటప్పుడే పేలుతుంది. చల్లారడం ఒకే రీతిన జరగకపోతే లోపల బుడగలుండి, మందు దట్టించి కాల్చినప్పుడు కాల్చినవాడినే చంపుతుంది. కార్ఖానాకు రేమోఁ పేరుంది. కొలిమి ఊదిన, అచ్చు పోసిన పనివాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు. కట్టడం ఇప్పటికీ మిగిలి ఉంది, రక్షిత కట్టడాల జాబితాలో కూడా ఉంది. కానీ చుట్టూ ఇళ్లు, దుకాణాలు కమ్ముకుని రోడ్డు మీద పోయేవాడికి కనబడదు. అడిగితే ఛాయ్ దుకాణం వాళ్లే దారి చూపిస్తారు. ఇది కూలిపోతే ఆ పేరుకు అర్థం చెప్పేది ఇంకేమీ మిగలదు. మన సంఘంలో పురావస్తు శాఖకు అర్జీ రాయగల హోదా ఉన్నవాళ్లున్నారు, చదువుతున్నారనే ఈ మాట రాస్తున్నాను.

రేమోఁ 300 మందితో మొదలుపెట్టి పన్నెండేళ్లలో 14,000 మంది సిపాయిల దళాన్ని తయారు చేశాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయాడు గానీ, రేమోఁ పటాలాలు చెదరలేదన్న పేరొచ్చింది. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ పటాలాల ముందు త్రివర్ణ పతాకం ఎగిరింది. ఇంగ్లీషు వాళ్లకు నిద్రపట్టకపోవడానికి అది చాలు. 1798 మార్చి 25న రేమోఁ హఠాత్తుగా చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి దళాన్ని రద్దు చేసి ఇంగ్లీషు దళాన్ని పెట్టుకోవాలి, ఖర్చు నిజాందే. రేమోఁ తర్వాత దళపతి అయిన పీరోఁ ఏమీ చేయలేకపోయాడు. జీతాల బకాయిలు రాక సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడ్డారు. ఆ గందరగోళంలోనే అక్టోబరు 22న ఇంగ్లీషు సైన్యం చుట్టుముట్టి ఆయుధాలు కింద పెట్టించింది. పెద్దగా రక్తం చిందలేదు. హైదరాబాద్ సంస్థానం తన సొంత యుద్ధ నిర్ణయం తాను తీసుకునే రోజులు ఆ ఉదయంతో పోయాయని నా అభిప్రాయం. ఏడు నెలలు తిరగకుండానే, 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. ఆ ముట్టడిలో నిజాం సైన్యం ఇంగ్లీషు వాళ్ల పక్కన ఉంది.

ఆ ఒప్పందం కుదిర్చిన రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన మేడే కోఠీ ఉమెన్స్ కాలేజీ. మన తోటి విద్యార్థినులు కొందరు డిగ్రీ చదివింది అక్కడే. గన్‌ఫౌండ్రీ నుంచి అక్కడికి సైకిల్ మీద పది నిమిషాలు పట్టదు. గెలిచినవాడి ఇంటికి ఎత్తైన స్తంభాలు, ఓడినవాడి కార్ఖానాకు సందు చివర చోటు.

చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేట వైపు ఎక్కితే అస్మాన్‌గఢ్ గుట్ట. పైన నల్లరాతి సూది స్తంభం, 7 మీటర్ల ఎత్తు, మీద జె, ఆర్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. అది రేమోఁ సమాధి. పక్కన స్తంభాల మండపం ఒకటి ఉండేది, 2001లో గాలివానకు కూలితే మళ్లీ కట్టారు. చివరి వంద గజాలు చాలా ఏటవాలు. యాభై దాటినవాళ్లు గేరు మీద భరోసా పెట్టుకోకుండా దిగి నడవడం మంచిది.

రేమోఁను గొప్ప ప్రేమమూర్తిగా, హైదరాబాద్ కోసం ప్రాణమిచ్చినవాడిగా కొందరు రాస్తుంటారు. నాకంత మోజు లేదు. అతను కిరాయి సేనాని, జాగీరు పుచ్చుకుని పనిచేశాడు. ఖర్దాలో చచ్చిపోయిన సిపాయిలకు రాతి స్తంభం ఎవరూ కట్టలేదు. కానీ ఒక సంగతి మాత్రం కొట్టిపారేయలేను. మస్యో అన్న పిలుపు ఇక్కడివాళ్ల నోట మూసా అయింది. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. 1940 ప్రాంతం దాకా ఏటా మార్చి 25న జనం ఈ గుట్టకు వచ్చి ధూపం వేసేవారట. సరిగ్గా జీతమిచ్చే సేనాని సిపాయి కుటుంబాలకు ఎంత గుర్తుంటాడో, పీరోఁకు జరిగినదాన్ని బట్టి ఊహించుకోవచ్చు. గోల్కొండలోని మూసా బురుజుకూ ఈ మూసాకూ సంబంధం లేదు. అది కుతుబ్‌షాహీ సేనాని మూసా ఖాన్ పేరు మీదిది.

గుట్ట మీద నుంచి చూస్తే మెట్రో పట్టాలు కనిపిస్తాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ పోయే లైను. సైకిల్ తొక్కలేని పెద్దలు, మన టీచర్లు ఆ రైలెక్కి రావచ్చు. మలక్‌పేట, కొత్తపేటల నడుమ ఎక్కడో స్టేషన్ పేరు మూడు భాషల్లో వినిపిస్తుంది. మూసారాంబాగ్.