కొల్లేటి ముంపు

ఖమ్మము మెట్టలలో పుట్టిన తమ్మిలేరు ఏలూరి చెంత రెండు పాయలై, పట్టణమును ఇరువైపుల చుట్టి కొల్లేటి సరస్సులో కలియును. వేసవిలో ఇసుక తప్ప కానరాని ఈ యేరే వానకారున గట్లు మీరి పొంగును. బుడమేరు, రామిలేరు, గుండేరు గూడ తెచ్చి కుమ్మరించు నీరంతయు కడలి జేరుటకు దారి ఉప్పుటేరొక్కటే; అదియును వాలు చాలక, పోటువేళ సముద్రము వెనుకకు నెట్టగా, సుమారు 60 కిలోమీటర్లు మెల్లమెల్లగా సాగును. అందుచేత ఇచటి వరద వచ్చుట ఒక్క పూటలో, తీయుట వారములలో.

సరస్సులోని లంకల, అనగా దీవుల వంటి పల్లెల, వాసులకిది క్రొత్త గాదు. ధాన్యపుబస్తాలు అటకెక్కును, తాటిదోనెలో ముసలమ్మ, మేకపిల్ల, మట్టిపొయ్యి ఒక్కచో చేరును, నీరు తీసిన పిదప గోడమీద బురదగీత నిలిచియుండును.

1964 నాటి ముంపు పిమ్మట ప్రభుత్వము నియమించిన మిత్రా సంఘము ఈ డెల్టా మురుగునీటి పారుదలను విచారించినది. అయినను తరువాతి కాలమున సరస్సులో చేపలచెరువుల గట్లు లేచి నీటి త్రోవ నడ్డగించినవి. ఇది మన చేజేతుల చేసికొన్న కీడని నా దృఢవిశ్వాసము. 2006లో పెక్కు గట్లను కొట్టివేసిరి. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేటి నీరు దిగివచ్చి లంకల దారులను గప్పగా, జనులు మరల పడవలెక్కిరి.