విరహోన్మాదం: పాలమూరు సంస్థాన ప్రబంధాల నుంచి వెండితెర దాకా

విరహోన్మాదం అంటే కోరుకున్న వ్యక్తి దక్కకపోవడం వల్లనో, దక్కి దూరం కావడం వల్లనో మనసు అదుపు తప్పే స్థితి. ఆలంకారికులు దీనిని విప్రలంభ శృంగారంలో, అనగా నాయికానాయకుల ఎడబాటును వర్ణించే శృంగారంలో, ఒక దశగా గుర్తించారు. పాలమూరు సీమలో, నేడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా ఉన్న ప్రాంతాన్ని ఏలిన గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఈ వస్తువుతో సాగిన శృంగార కావ్యాలకు 17, 18 శతాబ్దాలలో ఆశ్రయమిచ్చాయి. 20వ శతాబ్దంలో అదే వస్తువు తెలుగు సినిమాలోకి ప్రవేశించి పిచ్చాసుపత్రి కథగా మారింది. ప్రేమతో చెదిరిన మనసుకు చికిత్స ఏమిటన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఇచ్చిన జవాబే ఈ వస్తువు చరిత్ర.

శాస్త్ర మూలాలు

భరతుని నాట్యశాస్త్రం అభిలాషతో మొదలై మరణంతో ముగిసే పది కామావస్థలను చెప్పి, వాటిలో ఉన్మాదాన్ని ఏడవదిగా నిలిపింది. వాత్స్యాయనుని కామసూత్రంలోని పట్టిక చక్షుఃప్రీతితో, అంటే చూపులు కలవడంతో ఆరంభమై, నిద్రలేమి, కృశించడం, సిగ్గు విడవడం మీదుగా ఉన్మాదానికి, మూర్ఛకు, మరణానికి చేరుతుంది. ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని పేరిట విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం ఈ అవస్థలను పన్నెండుగా విస్తరించింది. తెలుగు కవులకు ఆ గ్రంథం తరతరాలుగా ప్రామాణిక లక్షణ గ్రంథంగా నిలిచింది. నాట్యశాస్త్రం ఉన్మాదాన్ని ముప్పైమూడు వ్యభిచారి భావాలలో, అనగా ప్రధాన భావానికి తోడుగా వచ్చిపోయే భావాలలో కూడా చేర్చి, కారణం లేని నవ్వు, ఏడుపు, పొంతన లేని మాటలు దాని గుర్తులని చెప్పింది.

ఆయుర్వేదం దృష్టి వేరు. చరకసంహిత ఉన్మాదాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత, ఆగంతుక భేదాలతో ఐదు విధాల వ్యాధిగా వర్గీకరించి మందులు చెప్పింది. కవులకు కావలసింది రోగనిర్ణయం కాదు, రసం. అందుచేత వారు లక్షణాలను వర్ణించారే తప్ప వ్యాధిని వర్ణించలేదు. పదవ అవస్థ అయిన మరణాన్ని నేరుగా చూపకూడదన్న కావ్యమర్యాద కూడా ఉండడంతో, విరహం ఎంత ముదిరినా కథ ప్రాణాపాయపు అంచు దాకా వెళ్లి వెనుదిరగవలసిందే.

సంస్థాన కావ్యాలు

16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన మనుచరిత్రలో వరూధిని, రామరాజభూషణుని వసుచరిత్రలో గిరిక విరహవర్ణనకు ఒరవడి దిద్దారు. విజయనగర సామ్రాజ్యం సన్నగిల్లిన తరువాత ఆ ఒరవడి కృష్ణాతీరంలోని చిన్న రాజ్యాలలో కొనసాగింది. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా చంద్రికాపరిణయమనే ఆరు ఆశ్వాసాల ప్రబంధాన్ని రచించి ఇష్టదైవమైన మదనగోపాలస్వామికి అంకితమిచ్చాడు. సుచంద్రుడనే రాజు, చంద్రిక అనే రాకుమారి పరస్పరం అనురక్తులై, విరహంలో వేగి, చివరకు పెళ్లితో ఒకటైన కథ ఇది. శ్లేషతో నిండిన ఈ ప్రౌఢకావ్యాన్ని విమర్శకులు ‘పిల్ల వసుచరిత్ర’ల, అనగా వసుచరిత్ర బాటలో నడిచిన కావ్యాల, కోవలో చేర్చారు. అదే సంస్థానానికి చెందిన ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితాలను మల్లభూపాలీయంగా తెనిగించాడు. శృంగార శతకంతో పాటు వైరాగ్య శతకం కూడా ఉన్న ఆ గ్రంథంలో మోహం, దాని నుంచి విముక్తి ఒకచోటనే చేరాయి.

వనపర్తి ప్రభువులలో బహుభాషావేత్తగా పేరొందిన బహిరి గోపాలరావు సంస్కృతంలో శృంగారమంజరీ భాణాన్ని రచించాడు. భాణమంటే ఒకే పాత్ర రంగంపై నిలిచి, కనిపించని వారితో మాట్లాడుతున్నట్లు అభినయించే ఏకాంక రూపకం. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో వెలసి, పండిత పోషణ వల్ల ‘విద్వద్గద్వాల’గా ప్రసిద్ధమైన గద్వాల సంస్థానంలో కాణాదం పెద్దన సోమయాజి శ్రీకృష్ణుడు భద్రను పరిణయమాడిన కథతో ముకుందవిలాసం రచించాడు.

ఉపచారాలు

ప్రబంధాలలో విరహిణికి చెలికత్తెలే వైద్యులు. వారు ఆమెను తామరాకుల పాన్పుపై పడుకోబెట్టి, మేనికి మంచిగందం పూసి, కప్పురపు పొడి చల్లి, పన్నీరు చిలకరించి, అరటాకులతో విసురుతారు. వీటికి శిశిరోపచారాలని పేరు. అయితే పూసిన గందం పూసినట్టే ఎండి పొడి రాలుతుంది, తామరాకులు ఒంటివేడికి కమిలిపోతాయి. నాయిక చంద్రుణ్ణి, మన్మథుణ్ణి, మలయమారుతాన్ని ఎదుట నిలబెట్టినట్టు నిందిస్తుంది. ఈ ఘట్టాలను చంద్రోపాలంభనం, మన్మథోపాలంభనం వంటి పేర్లతో పిలుస్తారు. ఉపచారాలన్నీ విఫలం కావడమే ఆ వర్ణనల పరమార్థం, ఎందుకంటే కావ్యం అంగీకరించే మందు సమాగమం ఒక్కటే.

ఈ నమ్మకం తెలుగు కవులకే పరిమితం కాదు. 11వ శతాబ్దపు పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా ప్రేమను మనోవ్యాధిగా లెక్కించి, నాడి పట్టుకుని ఒక్కొక్క పేరే చెబుతూ పోతే ప్రియమైన వ్యక్తి పేరు వినగానే నాడి గతి మారుతుందనీ, వీలైతే ఆ ఇద్దరినీ కలపడమే చికిత్స అనీ రాశాడు. ఆయన గ్రంథమే ఆధారంగా సాగిన యునానీ వైద్యానికి నిజాం రాజ్యంలో గొప్ప ఆదరణ ఉండేది.

వెండితెరపై

సమాగమం అసాధ్యమైనప్పుడు మందు ఏమిటన్న ప్రశ్నను మనుచరిత్ర ముందే వేసింది. వరూధిని మోహించిన ప్రవరుడు తిరస్కరించి వెళ్లిపోగా, అతని రూపు దాల్చిన గంధర్వుడు వరూధినిని చేరడంతో ఆమె తాపం చల్లారింది. అంటే అక్కడ వంచనే మందయింది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన ‘చివరకు మిగిలేది’ చిత్రం ఈ చిక్కుముడినే ఆసుపత్రిలోకి తెచ్చింది. 1959 నాటి బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’కి పునర్నిర్మాణమైన ఈ చిత్రంలో సావిత్రి మానసిక వైద్యశాల నర్సు పాత్ర ధరించింది. ప్రేమలో భంగపడి మతి చలించిన రోగులకు ప్రేమను నటించి స్వస్థత కలిగించడం ఆ నర్సు విధి. నటన నిజమై, రోగి కోలుకుని వెళ్లిపోయిన తరువాత, ఆమె తాను సేవ చేసిన ఆసుపత్రిలోనే రోగిగా మిగులుతుంది. చికిత్స పేరిట ప్రేమను వాడుకుంటే దాని వెల ఎవరు చెల్లించాలన్నది ఈ చిత్రం నిలదీసిన విషయం. ఇటలీలో 1869 నాటి తార్కెట్టి నవల ‘ఫోస్కా’, దాని ఆధారంగా ఎత్తోరే స్కోలా 1981లో తీసిన ‘పస్సియోనే దామోరే’ చిత్రం కూడా ఒక సైనికాధికారిపై రోగపీడితురాలైన స్త్రీ పెంచుకున్న తీవ్రమోహాన్ని చిత్రించి, ఈ వస్తువునే మరో వైపు నుంచి స్పృశించాయి.

వైద్యదృష్టి, అంచనా

ఫ్రెంచి మనోవైద్యుడు క్లెరాంబో 1921లో, తమకంటే ఉన్నత స్థితిలోని వ్యక్తి తమను ప్రేమిస్తున్నాడని రోగులు దృఢంగా నమ్మే భ్రమను సవివరంగా వర్ణించాడు. ఇది నేడు భ్రాంతి రుగ్మతలలో ఒక రకంగా గుర్తింపు పొందింది. ఎడబాటు దుఃఖం వేరు, కుంగుబాటు వేరు, ఈ భ్రమ వేరు అని ఆధునిక వైద్యం విడదీసి చూపింది; కోరిన మనిషిని తెచ్చి కలపడం రుగ్మతకు చికిత్స కాదనీ, మందులు, మాటల ద్వారా చేసే చికిత్స, కుటుంబం ఆదరణ అవసరమనీ తేల్చింది.

సంస్థాన కవులు విరహాన్ని రసంగా ఆరాధించి, మనసు చెదిరే తీరును దశలవారీగా, నిశితంగా గమనించి నమోదు చేశారు. ఆ పరిశీలనకు సాహిత్య చరిత్రలో సమున్నత స్థానం దక్కాలి. అయితే పెళ్లి చేస్తే పిచ్చి కుదురుతుందన్న లోకోక్తి కావ్యం దాటి ఇళ్లలోకి వచ్చి ఎందరి జీవితాలకో చేటు చేసింది, హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరు తిట్టుగా మారి రోగులను వైద్యానికి దూరం చేసింది. ప్రబంధాన్ని ప్రబంధంగా ఆస్వాదించి, రుగ్మతను రుగ్మతగా గుర్తించడమే ఈ చరిత్ర నేర్పే వివేకం. నిద్ర, తిండి మాని మాటలో పొంతన తప్పిన వారిని చెలికత్తెల ఉపచారాలకు వదలక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులోనూ సలహా ఇస్తోంది.