చేయి లేని నొక్కు

నేటి ప్రసంగ విషయము మీకు వింతగాఁ దోఁచవచ్చును. కంప్యూటరు తెరపైనున్న బొత్తామును వ్రేలితో నొక్కుట మీ మనుమలు నిత్యము చేయుపనియే. నొక్కువాఁడు లేకయే, వ్రాసిపెట్టిన యాజ్ఞచేత నా బొత్తాము నొక్కఁబడు విధ మొకటి కలదు. దాని చరిత్రమును జెప్పఁబూనితిని.

1964వ సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు డగ్లస్ ఎంగెల్బార్టు తలపోసిన రూపమునకు బిల్ ఇంగ్లీషను సహచరుఁడు చిన్న కొయ్యపెట్టెను జేసి యిచ్చెను. అడుగున రెండు చక్రములు, పైన నొక మీట. దానికే మౌసు, అనఁగా ఎలుక, యని పేరు. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వేయిమంది యెదుట దానిని జూపిరి. తరువాత 1989లో జెనీవా చెంత టిమ్ బెర్నర్స్‌లీ వెబ్బును ప్రతిపాదించెను. ఆ పుటలు మొదట చదువుకొనుటకే. 1995లో నెట్‌స్కేపు సంస్థయందలి బ్రెండన్ ఐక్ పది దినములలో జావాస్క్రిప్టను భాష తొలిరూపమును గల్పింపఁగా, పుటకు నొక్కు తెలియుటయు, బదులు పలుకుటయు నలవడినవి.

ఇచ్చట నొక తగవు పుట్టెను. బొత్తాము పెట్టెలో, పెట్టె పుటలో నిమిడియుండును గదా. నొక్కినవార్త ముందెవరికిఁ దెలియవలెను? ఇంటి యజమానికి ముందు చెప్పి పిదప లోనివారికిఁ జెప్పవలెనని నెట్‌స్కేపువారు, తగిలినవానితో మొదలిడి పైకిఁ బోవలెనని మైక్రోసాఫ్టువారు పట్టుపట్టిరి. 2000 నవంబరులో వెబ్బు ప్రమాణముల సంఘము వారిద్దఱి మాటయు నిలిపి, వార్త పైనుండి క్రిందికి దిగి, మరల క్రిందినుండి పైకెక్కవలెనని నిర్ణయించెను. మధ్యస్థులు చేయుపని యెల్లెడల నొక్కటే!

ఆ నిర్ణయపత్రముననే కృత్రిమపు నొక్కునకును విధి గలదు. మొదట ఉత్తి నొక్కును సృజింపవలెను. పిదప తెరపై దాని స్థానమేది, ఏ మీట, కంట్రోలు మీట పట్టియుండెనా మొదలగు పదునైదు వివరములను నింపవలెను. తుదకు బొత్తామునకుఁ బంపవలెను. బొమ్మను మలచి, అలంకరించి, ప్రాణప్రతిష్ఠ చేసినట్లున్నది. పదునైదింటిని వరుస తప్పక నింపుట శ్రమయే. కావున దరువాత సులభమార్గము వచ్చినది.

దీనివలనఁ బ్రయోజనమేమి? ఒక పుటను గట్టినవాఁడు ప్రతి బొత్తామును దినదినము తానే నొక్కి పరీక్షింపఁజాలఁడు. 2004లో షికాగో నగరమున జేసన్ హగిన్స్ ఆ పరీక్షను యంత్రమునకే యప్పగించి, తన సాధనమునకు సెలీనియమని పేరిడెను. మెర్క్యురీ, అనఁగా పాదరసము, అను పేరుగల పోటీ సంస్థ యొకటి యుండెను. పాదరసవిషమునకు సెలీనియము విరుగుడని యాయన పరిహాసము.

అయినను మంచికిఁ బుట్టినది చెడుకును బనికివచ్చినది. టిక్కెట్లన్నియు యంత్రములే క్షణములో నొక్కి తీసికొనుచుండఁగా 2016లో అమెరికావారు దానిని నిషేధించుచు శాసనము చేసిరి.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పవలెను. నేను బడిపంతులుగా నున్న దినములలో నొక ముదుసలి క్రయపత్రముపై సాక్షిసంతకము చేసితిని. నేను వచ్చునప్పటికే నిశాని పడియుండెను. ఆమె వ్రేలు కాగితమున కానుట నేను జూడలేదు. ఆ వ్రేలు తనది కాదని యామె తరువాత నా వాకిట నిలిచి చెప్పెను. ఆమెకు నేనేమి బదులు చెప్పఁగలను?

బ్రౌజరు నాకంటె మేలు. తన కన్నుల యెదుట మనుష్యుఁడు చేసిన నొక్కునకు నమ్మఁదగినదనియు, పుటలోని వ్రాత పుట్టించిన దానికిఁ గాదనియు గుర్తు వేయును. ఆ గుర్తును పుటలోని వ్రాత మార్పఁజాలదు. కాని 2018 జూనులో ప్రమాణమైన వెబ్‌డ్రైవరు విధానమున బ్రౌజరునే పైనుండి నడపుదురు; అప్పుడు నొక్కు నమ్మఁదగినదిగానే కనఁబడును. అందుచే నా ప్రమాణమును వ్రాసినవారు వేఱొక గుర్తును విధించిరి: నన్నిప్పుడు యంత్రము నడపుచున్నదని బ్రౌజరు తానే పుటకుఁ జెప్పవలెను. దానిని దాఁచువారును గలరు. నా సంతకమున్న యా పత్రము నకలు మాత్రము నేఁటికిని నా పెట్టెలోనే యున్నది.