లింట్ పరీక్షలు: అనువాదం కాని తెర పాఠ్యం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి ప్రాంతంలో లింట్ అన్న మాట కొత్త కాదు. జిన్నింగ్ మిల్లులో గింజ వేరుచేశాక వచ్చే దూదినే లింట్ అంటారు. మిల్లులో అది సరుకు. కంప్యూటర్ రంగంలో మాత్రం చెత్త! బట్టకు అంటుకునే నూగు అన్న అర్థంలో, 1978లో బెల్ లాబ్స్‌కు చెందిన స్టీఫెన్ జాన్సన్ తన ప్రోగ్రాముకు ఈ పేరు పెట్టాడు. సి భాషలో రాసిన కోడ్‌ను నడపకుండానే చదివి, అనుమానాస్పదమైన చోట్లను చూపడం దాని పని. అనువాదానికి చిక్కకుండా కోడ్‌లోనే ఉండిపోయిన ఇంగ్లీషు మాటలను పట్టే పని ఈ జాతి ఉపకరణాలకు తర్వాత వచ్చి చేరింది.

ఆ మాటలు ఎలా మిగిలిపోతాయి? 1995 నాటి గ్నూ గెట్‌టెక్స్ట్‌ను గమనించండి. తెరపై కనిపించే ప్రతి మాటకూ ప్రోగ్రామర్ ఒక గుర్తు పెట్టాలి. గుర్తున్న మాటలను ఉపకరణం ఏరి, అనువాదకుడికి జాబితాగా ఇస్తుంది. గుర్తు మరిచిన మాట జాబితాలోకే రాదు. అనువాదకుడు తన పని పూర్తయిందనే అనుకుంటాడు. ఇంగ్లీషు తెర చూసుకునే ప్రోగ్రామర్‌కూ లోపం కనబడదు. అది మొదట కంటబడేది తెలుగు తెర చూసేవారికే.

వారెవరో ఆలోచించండి. వ్యవసాయ మార్కెట్ల కోసం ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది, తెలుగులోనూ లభిస్తోంది. అలాంటి ఒక యాప్‌ను ఊహించండి. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తెచ్చిన రైతుకు ధర, తూకం అన్నీ తెలుగులోనే ఉండి, ‘లాట్ రిజెక్టెడ్’ అన్నది మాత్రం ఇంగ్లీషులో వచ్చింది. ఆయన పక్కనున్న కమీషన్ ఏజెంటును అడగాలి. తన సరుకు సంగతి తనకన్నా ముందు అవతలివాడికి తెలుస్తుంది.

2011లో ఆండ్రాయిడ్ ఉపకరణాలలో చేరిన లింట్‌లో ‘హార్డ్‌కోడెడ్ టెక్స్ట్’ అనే నియమం ఉంది. తెర అమరిక ఫైలులో నేరుగా రాసిన మాటను అది చూపి, మాటల ఫైలులోకి మార్చమంటుంది. అయితే అది హెచ్చరిక మాత్రమే. పట్టించుకోకపోయినా యాప్ తయారవుతుంది. వందల హెచ్చరికల మధ్య దాన్ని ఎవరు చదువుతారు? కనుక దాన్ని దోషంగా మార్చి, సరిదిద్దేదాకా తయారీని ఆపే జట్లు ఉన్నాయి. నా దృష్టిలో అదే సరైన పద్ధతి.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. సర్వర్ నుంచి వచ్చే సందేశం యాప్ కోడ్‌లో ఉండదు. బొమ్మలో గీసిన అక్షరాలు లింట్‌కు అక్షరాలే కావు. వాటిని పట్టాలంటే ఎవరో ఒకరు ఫోన్ భాషను తెలుగుకు మార్చి, ఒక్కో తెరా తెరిచి చూడాల్సిందే.