హంతకుడెవరో ముందే చెప్పేసే డిటెక్టివ్ కథ

1971 సెప్టెంబర్ 15 రాత్రి అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ పెట్టుకున్నవాళ్లకి ముందుగా వినిపించింది టైప్‌రైటర్ చప్పుడు. లాస్ ఏంజెలెస్ వీధిలో ఒక కారు వస్తుంటుంది. ఇంజన్ మోత ఉండదు, సంగీతం ఉండదు, మాటలు ఉండవు. టకటకమని అక్షరాలు పడుతున్న చప్పుడొక్కటే. కెమెరా మెల్లగా వెనక్కి జరిగి ఎత్తైన భవనం కిటికీలోంచి గదిలోకి వస్తుంది. అక్కడ ఒక రచయిత తన పనిలో మునిగి ఉంటాడు. కింద కారులో వస్తున్నవాడు అతని జంట రచయిత, అతన్ని చంపబోయేవాడు.

‘కొలంబో’ సీరియల్‌గా మొదలైంది ఈ ఎపిసోడ్‌తోనే. పేరు ‘మర్డర్ బై ది బుక్’. రాసింది స్టీవెన్ బాచ్కో. తీసింది ఇరవై నాలుగేళ్ల కుర్రాడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. చిత్రీకరణ గొప్పగా ఉందన్న విషయంలో చూసినవాళ్లలో పెద్దగా తేడా రాదు. తగవంతా చివరి పది నిమిషాల మీదే. ‘ఆ సాక్ష్యం కోర్టులో నిలుస్తుందా?’ అని ఒకరు. ‘మొదటి హత్య అంత తెలివిగా చేసినవాడు రెండో హత్య అంత మోటుగా ఎలా చేస్తాడు?’ అని ఇంకొకరు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు కావాలంటే ఈ రకం కథ ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

మనం చదువుతూ పెరిగిన డిటెక్టివ్ నవలల్లో హంతకుడెవరో ఆఖరి పేజీల్లోగాని తెలియదు. 1912లో ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లీషు రచయిత ‘ది సింగింగ్ బోన్’ సంపుటిలో ఈ పద్ధతిని తిరగేశాడు. నేరం ఎవరు చేశారో, ఎలా చేశారో ముందే విప్పి చెప్పాడు. తన డిటెక్టివ్ డాక్టర్ థార్న్‌డైక్ దాన్ని ఎలా పట్టుకున్నాడో తర్వాత చెప్పాడు. రహస్యం లేకపోయినా పాఠకుడు కదలకుండా చదువుతాడని ఆయన నమ్మకం. స్వయంగా వైద్యుడు కాబట్టి శాస్త్రీయమైన ఆధారాల మీద ఆయనకి మమకారం ఎక్కువ.

సీరియల్‌లోని పోలీసు డిటెక్టివ్ కొలంబోకి థార్న్‌డైక్ ఒక తాత అనుకుంటే, ఇంకొక తాత శాస్త్రం జోలికే పోడు. దొస్తొయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’లోని పోర్ఫిరీ పెత్రోవిచ్. నేరస్థుణ్ణి కూర్చోబెట్టి, పిచ్చాపాటీ మాట్లాడుతూ, నీ సంగతి నాకు తెలుసన్నట్టూ తెలియనట్టూ ఊరిస్తాడు. కొలంబోకి నమూనా ఇతనేనని సృష్టికర్తలే చెప్పారు.

ఆ సృష్టికర్తలు రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్. ఫిలడెల్ఫియాలో బడి రోజుల్లో కలిశారు. ఇంద్రజాలం, డిటెక్టివ్ కథలు ఇద్దరికీ పిచ్చి. 1960లో వాళ్లు రాసిన ‘ఇనఫ్ రోప్’ అనే టీవీ నాటకంలో లెఫ్టినెంట్ కొలంబో మొదటిసారి కనిపించాడు. వేసింది బెర్ట్ ఫ్రీడ్. దాన్నే పెంచి 1962లో ‘ప్రిస్క్రిప్షన్: మర్డర్’ అని రంగస్థలానికి తెచ్చారు. అందులో భార్యను చంపే డాక్టరు వేషం వేసింది పేరున్న నటుడు జోసెఫ్ కాటన్. కథంతా అతని చుట్టూనే కట్టారు. కానీ జనం మనసు దోచుకుంది కొలంబో వేషం వేసిన వృద్ధనటుడు థామస్ మిచెల్. ఈ పాత్ర బతికిందంటే అది హాల్లో కూర్చున్న ప్రేక్షకుల చలవే. రచయితలు తమ కథలో నాయకుడెవరో జనాన్ని చూసి తెలుసుకున్నారు.

1968లో అదే నాటకం టీవీ సినిమా అయింది. పాత్ర ముందు బింగ్ క్రాస్బీ దగ్గరికి వెళ్లింది. ఆయన వద్దన్నాడు. చివరికి పీటర్ ఫాక్‌కి దక్కింది. మూడేళ్ల వయసులోనే ఒక కన్ను పోగొట్టుకున్న ఈ నటుడు కొలంబోకి తన సొంత రెయిన్‌కోటే తొడిగాడు.

ఇక ఆ తగవు సంగతి. ‘మర్డర్ బై ది బుక్’లో కెన్ ఫ్రాంక్లిన్, జిమ్ ఫెరిస్ కలిసి డిటెక్టివ్ నవలలు రాసి లక్షలు గడించారు. నిజానికి రాసేదంతా జిమ్. కెన్ పని పదిమందిలో కబుర్లు చెప్పి పుస్తకాలు అమ్మడం. ఇకనుంచి ఒంటరిగా రాసుకుంటానన్నాడు జిమ్. కెన్ అతన్ని ఊరికి దూరంగా ఉన్న తన విడిది ఇంటికి తీసుకెళ్లాడు. ఆఫీసులోనే ఉన్నానని భార్యకి ఫోన్‌లో చెప్పించాడు. ఆమె వింటూ ఉండగానే కాల్చాడు. భర్త ఆఫీసులోనే చనిపోయాడని ఆమె నమ్మింది. ఎంత చక్కటి పథకం! దారిలో కొట్టు నడిపే ఒకావిడ జిమ్‌ని కారులో చూసి, నోరు మూసుకోవడానికి డబ్బడిగింది. ఆమెని కెన్ సీసాతో తలమీద కొట్టి చంపి, పడవ ప్రమాదంలా కనిపించేట్టు చెరువులోకి తోశాడు. ఇది పక్కా మోటు పని.

ఈ మోటుతనాన్నే చాలామంది రచయిత లోపం అంటారు. నేను ఒప్పుకోను. కొలంబోకి దారి చూపింది సరిగ్గా అదే. రెండో హత్య చేసిన బుర్రలోంచి మొదటి హత్య పుట్టదని అతనికి తట్టింది. కాబట్టి ఆ పథకం జిమ్‌దే అయి ఉండాలి. తోచిన ఊహనల్లా చిత్తుకాగితాల మీద రాసిపెట్టుకోవడం జిమ్‌కి అలవాటు. ఆ కాగితాలు గాలిస్తే ఈ హత్య పూస గుచ్చినట్టు రాసి దొరికింది. మనకి తప్పుగా తోచింది ఆధారంగా మారింది.

ఆ కాగితం కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది వకీళ్లు తేల్చాల్సిన మాట. కెన్ దగ్గర మాత్రం అది నిలిచింది. పథకం జిమ్‌దని కొలంబో అనగానే అతను దొరికిపోయానన్న బాధకన్నా ఆ మాట సహించలేక నోరు విప్పాడు. ఆ ఆలోచన తనదేనని, ఏళ్ల కిందట తానే జిమ్‌కి చెప్పానని, జీవితంలో తనకి తట్టిన ఒకే ఒక్క మంచి ఊహ అదేనని ఒప్పేసుకున్నాడు. కెన్ వేషం వేసిన జాక్ కాసిడీ ముఖంలో ఆ క్షణాన కనిపించేది భయం కాదు, గర్వం. థార్న్‌డైక్ భూతద్దానికి ఇది చిక్కేది కాదు. పోర్ఫిరీ వంశంవాడికే చిక్కుతుంది. అందుకే ఈ ముగింపు బలహీనమైనది కాదనీ, మొత్తం సీరియల్‌లోకెల్లా నిజాయితీ ఉన్న ముగింపుల్లో ఒకటనీ నా అభిప్రాయం.

1997లో టీవీ గైడ్ పత్రిక ప్రకటించిన వంద గొప్ప ఎపిసోడ్ల జాబితాలో దీనికి 16వ స్థానం దక్కింది. కాసిడీని మరో రెండు ఎపిసోడ్లలో హంతకుడిగా తీసుకొచ్చారు. ఫాక్ 2003 దాకా, మధ్యలో పదేళ్లకు పైగా విరామంతో, ఆ కోటు వేస్తూనే ఉన్నాడు.

ఒక జంట రచయిత తన జతగాణ్ణి చంపే కథతో తమ సీరియల్‌ని ప్రారంభించిన లెవిన్సన్, లింక్ మాత్రం ఎన్నడూ విడిపోలేదు. 1987లో లెవిన్సన్ పోయేదాకా కలిసే రాశారు. 2010లో కొలంబో కథల పుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని లింక్ ఒక్కడే రాశాడు.